మోండా మార్కెట్‌లో పౌరులెవరు?

సికింద్రాబాద్ మోండా మార్కెట్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మూడు మాటలు వినిపిస్తాయి: ట్రాఫిక్, చెత్త, ఆక్రమణ. మూడూ నిజమైన సమస్యలే. ఆ ఇరుకు వీధుల్లో ఒక్కసారి నడిచినవారు కాదనలేరు. అయితే ఆ మాటల వెనుక మనుషులున్నారు. ట్రాఫిక్ అనగానే కళ్లముందు మెదిలేది తోపుడుబండి. చెత్త అనగానే చీపురు పట్టిన స్త్రీ. ఆక్రమణ అనగానే కాలిబాట మీద గంప దించుకుని కూర్చున్న ఆకుకూరల మనిషి. తెల్లవారకముందే వచ్చి మార్కెట్‌ను నిలబెట్టేది వీరే. మార్కెట్ బాగు గురించి జరిగే చర్చలో మాత్రం వీరి పేర్లు సమస్యల జాబితాలో ఉంటాయి, మాట్లాడేవారి జాబితాలో ఉండవు. నగరాల్లో పౌర భాగస్వామ్యం గురించి ఎంతో రాస్తున్నాం, ఎన్నో వేదికలు కడుతున్నాం. ఆ వేదిక మీద ‘పౌరుడు’గా ఎవరు కూర్చుంటారన్నది మాత్రం కులం నిర్ణయించినంతగా మరేదీ నిర్ణయించడం లేదు.

ముందుగా చట్టం సంగతి చూద్దాం. రాజ్యాంగ 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని 243-ఎస్ అధికరణం నిర్దేశించింది. 2005 డిసెంబరులో ప్రారంభమైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకం, నిధులకు పెట్టిన షరతుల్లో పౌర భాగస్వామ్య చట్టాన్ని కూడా చేర్చింది. 2020 అక్టోబరులో తెలంగాణ శాసనసభ జీహెచ్ఎంసీ చట్టాన్ని సవరించింది. ఒక్కో వార్డుకు యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులు అనే నాలుగు కమిటీలను, ఒక్కోదానిలో 25 మంది సభ్యులను ప్రతిపాదించింది. ఆ కమిటీలు ఎంతవరకు పనిచేశాయన్నది వేరే చర్చ. వాటి నమూనాలోనే ఒక లోపం ఉంది. వయసు ఒక ప్రాతిపదిక అయింది, లింగం ఒక ప్రాతిపదిక అయింది, ‘ప్రముఖత’ కూడా ప్రాతిపదిక అయింది. శ్రమ మాత్రం కాలేదు. మూటలు మోసే హమాలీగా, వీధి ఊడ్చే కార్మికురాలిగా, గంప పెట్టుకుని అమ్మే స్త్రీగా మాట్లాడేందుకు ఆ నాలుగు గదుల్లో ఎక్కడా కుర్చీ వేయలేదు.

‘ప్రముఖుడు’ అన్న మాటను కొంచెం విప్పి చూడాలి. పదవీ విరమణ చేసిన అధికారి, వైద్యుడు, న్యాయవాది, వర్తక సంఘం అధ్యక్షుడు, దేవాలయ కమిటీ పెద్ద – ఒక వార్డులో ప్రముఖుల పేర్లు చెప్పమంటే మనకు తోచేది వీరే. వీరిలో మంచివారు లేరని కాదు. తమ సమయాన్ని, డబ్బును వెచ్చించి చెరువుల కోసం, పార్కుల కోసం, నీటి కోసం కోర్టుల చుట్టూ తిరిగినవారు ఈ నగరంలో ఎందరో ఉన్నారు. అయితే మన సమాజంలో ప్రముఖత ఒక్క తరంలో చేతికొచ్చే ఆస్తి కాదు. భూమి, చదువు, ఉద్యోగం, పరిచయాలు తరతరాలుగా ఏ కులాల ఇళ్లలో పేరుకున్నాయో ఆ ఇళ్లలోనే ప్రముఖులు పుడతారు. కార్పొరేటర్ పదవులకు ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లు ఉన్నాయి. అవి లేకపోతే ఆ సభ ఎలా ఉండేదో అందరికీ తెలుసు. కులం ఊసెత్తని మర్యాదగల మాటలతో కట్టిన కమిటీలో సరిగ్గా ఆ పాత సభే తిరిగి కొలువుతీరుతుంది.

దీనికి తోడు నివాసం అనే మరో గోడ ఉంది. పౌర సంఘం అంటే మన నగరాల్లో ఆచరణలో కాలనీ సంక్షేమ సంఘమే. ఇల్లు ఉన్నవారు సభ్యులు. మోండాలో రోజుకు పన్నెండు, పద్నాలుగు గంటలు గడిపి, రాత్రికి ఎక్కడో దూరపు బస్తీకి చేరే మనిషికి అక్కడ ఓటు ఉండదు, సంఘంలో సభ్యత్వం ఉండదు. ఆమె జీవితాన్ని మార్చే నిర్ణయాలన్నీ ఆమె ఓటు లేని వార్డులో జరుగుతాయి. ఢిల్లీలో 2000 సంవత్సరంలో మొదలైన ‘భాగీదారీ’ పథకం గురించి పరిశోధకులు చేసిన ప్రధాన విమర్శ ఇదే. గుర్తింపు పొందిన కాలనీల సంఘాలు ప్రభుత్వంతో ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయి, మురికివాడలు బల్ల బయట మిగిలాయి. పౌర భాగస్వామ్యం పెరిగింది, దానితోపాటే కొందరు పౌరుల బలమూ పెరిగింది.

కులం ఇక్కడ మరో రూపంలోనూ పనిచేస్తుంది. 2015 మే 16న ‘స్వచ్ఛ హైదరాబాద్’ కార్యక్రమం మొదలైంది. నగరాన్ని 400 భాగాలుగా విభజించారు. గవర్నర్, ముఖ్యమంత్రి మొదలు మంత్రులు, ఉన్నతాధికారుల దాకా ఒక్కో భాగం బాధ్యత తీసుకున్నారు. ప్రముఖులు చీపుర్లు పట్టిన ఛాయాచిత్రాలను పత్రికలు ప్రచురించాయి. రెండు నెలలు తిరగకుండానే, జూలైలో, నగర పారిశుధ్య కార్మికులు వేతనాల కోసం సమ్మెకు దిగారు. వీధుల్లో చెత్త పేరుకుంది. చివరికి ప్రభుత్వం నెలకు 8,500 రూపాయలున్న వేతనాన్ని 12,500కు పెంచింది. ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడండి. అదే చీపురు, అదే వీధి. ఒకరి చేతిలో అది సేవ అయింది. మరొకరి చేతిలో పుట్టుకతో వచ్చిన విధి అయింది. మే నెలలో చీపురు పట్టినవారు స్వచ్ఛంద కార్యకర్తలుగా ప్రశంసలు పొందారు. ఏడాది పొడవునా పట్టినవారు జూలైలో నోరు తెరిస్తే నగరానికి అసౌకర్యం కలిగించినవారయ్యారు. నగర పారిశుధ్య కార్మికుల్లో అత్యధికులు దళితులు, వారిలోనూ ఎక్కువమంది స్త్రీలు. ఈ వాస్తవాన్ని పక్కనపెట్టి సేవ గురించి మాట్లాడటం అసంపూర్ణం.

అయితే మోండా పరిసరాలకు స్వచ్ఛంద సేవ అంటే ఏమిటో ఇతరుల నుంచి నేర్చుకోవలసిన అవసరం లేదు. మార్కెట్‌కు కూతవేటు దూరంలో ఘాస్‌మండీ ఉంది. పేరులోనే గడ్డి బజారు ఉంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో హైదరాబాద్ సంస్థాన దళిత ఉద్యమం వేళ్లూనుకున్న చోట్లలో ఇదొకటి. మాదరి భాగయ్యగా పుట్టిన భాగ్యరెడ్డి వర్మ 1906లో హైదరాబాద్‌లో జగన్మిత్ర మండలిని, 1911లో మన్య సంఘాన్ని స్థాపించారు. 1912లో అరిగె రామస్వామి సికింద్రాబాద్ ఘాస్‌మండీలో సునీత బాల సమాజాన్ని నెలకొల్పారు. ‘హైదరాబాద్ అంబేడ్కర్’గా పేరొందిన బి.ఎస్. వెంకటరావు కార్యక్షేత్రమూ ఈ ప్రాంతమే. 1936 మే నెలలో బొంబాయిలో అంబేడ్కర్ మతమార్పిడిపై చరిత్రాత్మక ప్రసంగం చేసిన మహర్ల మహాసభకు అధ్యక్షత వహించింది ఆయనే. తర్వాత నిజాం ప్రభుత్వంలో విద్యామంత్రిగా అణగారిన వర్గాల చదువు కోసం కోటి రూపాయల నిధి ఏర్పడటానికి కారకులయ్యారు. ఈ ఉద్యమంలో స్వయంగా నడిచిన పి.ఆర్. వెంకటస్వామి ఆ చరిత్రను ఇంగ్లీషులో రెండు సంపుటాలుగా రాసి, 1955లో సికింద్రాబాద్ నుంచే ప్రచురించారు. తమ పోరాటాన్ని తామే గ్రంథస్థం చేసుకోవడం కూడా ఆ ఉద్యమంలో భాగమే.

వీరు చేసింది నేటి భాషలో చెప్పాలంటే విధాన ప్రచారమే, స్వచ్ఛంద సేవే. అయితే దాని తీరు వేరు. వారు మొదట బడులు పెట్టారు. ఆ తర్వాత పేరు కోసం పోరాడారు. 1917 నవంబరులో బెజవాడలో ‘పంచమ’ మహాసభగా తలపెట్టిన సమావేశానికి భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షులు. పంచములనే మాటకు ఆధారమేదని ప్రశ్నించి, తాము ఈ నేల ఆదివాసులమని వాదించి, దాన్ని ఆది-ఆంధ్ర మహాసభగా మార్చిన చరిత్ర తెలిసిందే. 1931 జనాభా లెక్కల్లో తమను ఆది-హిందువులుగా నమోదు చేయాలని పట్టుబట్టి నిజాం ప్రభుత్వాన్ని ఒప్పించారు. ఇతరులు పెట్టిన పేరుతో లెక్కలోకి ఎక్కడానికి నిరాకరించి, తాము ఎంచుకున్న పేరుతో లెక్కకు రావడం ఎంత పెద్ద రాజకీయ చర్యో, కులగణన చర్చలు సాగుతున్న ఈ రోజుల్లో మనకు మరింత బాగా అర్థమవుతుంది.

బడి, పేరు తర్వాత మూడోది సభలో స్థానం. సికింద్రాబాద్ చిలకలగూడలో పుట్టిన జె. ఈశ్వరీబాయి 1950ల తొలినాళ్లలో అక్కడి నుంచే నగరపాలక సభకు ఎన్నికయ్యారు. 1967, 1972 ఎన్నికల్లో రిపబ్లికన్ పార్టీ తరఫున ఎల్లారెడ్డి నుంచి శాసనసభకు వెళ్లారు. బొల్లారంలో, పాకీపని తప్ప మరో పని ఇవ్వని వ్యవస్థలో నలిగిన మెహతర్ కులంలో పుట్టిన టి.ఎన్. సదాలక్ష్మి 1960లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉపసభాపతి అయ్యారు, దేవాదాయ శాఖ మంత్రిగానూ పనిచేశారు. ఆమె బతుకుకథను గోగు శ్యామల ‘నేనే బలాన్ని’ పేరుతో రాశారు. వార్డు నుంచి శాసనసభ దాకా సాగిన ఈ స్త్రీల ప్రయాణాలు మొదలైంది బస్తీ సమస్యల దగ్గరే. అలాంటి చోట ఇవాళ వార్డు కమిటీలోని ‘ప్రముఖుల’ కోసం వెతుకుతూ, బస్తీని దాటి కాలనీకి వెళుతున్నామంటే దానిని చరిత్రను మరచిపోవడం అనాలి.

లష్కర్ బోనాల కథ కూడా ఈ సందర్భంలో గుర్తు చేసుకోదగింది. ఉజ్జయిని మహంకాళి ఆలయ స్థాపనకు మూలపురుషుడిగా చెప్పుకునే సురిటి అప్పయ్య సైన్యంలో డోలీ మోసిన మనిషి. 1813లో కలరా ప్రబలినప్పుడు మొక్కుకుని, ఉజ్జయిని నుంచి తిరిగి వచ్చాక అమ్మవారిని ప్రతిష్ఠించాడని ప్రతీతి. ఏటా ఆషాఢంలో బోనాల మరునాడు రంగంలో పచ్చికుండ మీద నిలబడి ఒక స్త్రీ భవిష్యవాణి చెబుతుంది, తప్పులు ఎత్తిచూపుతుంది, మంత్రులు చేతులు జోడించి వింటారు. ఈ ప్రాంతపు భక్తి చరిత్రలో కూలి మనిషికి మూలపురుషుడి స్థానం ఉంది. పౌర చరిత్రలో సభ్యుడి స్థానం కూడా లేదు. మాతంగి మాటను ఏడాదికోసారి వినే అధికార యంత్రాంగం, మిగిలిన రోజుల్లో అదే వీధిలో కూర్చున్న స్త్రీ మాట వినడానికి ఒక గంట కేటాయించలేదా?

వినాలనుకుంటే చట్టం ఇప్పటికే ఒక దారి వేసి ఉంచింది. 2014 మే 1న అమల్లోకి వచ్చిన వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ, వీధి వ్యాపార నియంత్రణ చట్టం, వార్డు కమిటీల చట్టాలకు భిన్నమైన తర్కంతో నడుస్తుంది. పట్టణ వీధి వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వీధి వ్యాపారులై ఉండాలి. వారిని ఎవరో నామినేట్ చేయరాదు, వ్యాపారులే ఎన్నుకోవాలి. వారిలో మూడోవంతు మహిళలు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ, వికలాంగ వ్యాపారులకు తగిన ప్రాతినిధ్యం ఉండాలి. కాలనీ సంఘాలకూ, స్వచ్ఛంద సంస్థలకూ అందులో చోటుంది. అవి శ్రమజీవుల పక్కన కూర్చుంటాయి, వారి బదులు కూర్చోవు. సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ తొలగించరాదని, తరలించాల్సి వస్తే 30 రోజుల నోటీసు ఇవ్వాలని కూడా ఆ చట్టం చెబుతోంది.

మోండాకు సంబంధించినంతవరకు ఆ చట్టంలో మరింత విలువైన అంశం రెండో షెడ్యూలులో ఉంది. యాభై ఏళ్లకు పైగా వీధి వ్యాపారులు వ్యాపారం చేస్తున్న సహజ మార్కెట్లను వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలి, అక్కడి వ్యాపారులను తరలించరాదు. మార్కెట్ భవనంలోని దుకాణాల అద్దెదారుల సంగతి వేరు. ఆ భవనం చుట్టూ వీధుల్లో తల్లుల నుంచి కూతుళ్లకు, తండ్రుల నుంచి కొడుకులకు స్థలం సంక్రమిస్తూ వచ్చిన వ్యాపారులకు ఈ నిబంధన నేరుగా వర్తించదగినది. 2020 ఆగస్టులో పునరుద్ధరించిన మోజంజాహీ మార్కెట్ తరహాలో మోండానూ తీర్చిదిద్దాలన్న మాట వినిపిస్తూ ఉంది. మంచిదే. అయితే ఇక్కడ వారసత్వం అనే మాటకు రెండు అర్థాలున్నాయి. శిల్పుల భాషలో వారసత్వం అంటే రాయి, కమాను, గడియారం. 2014 చట్టం భాషలో వారసత్వం అంటే మనుషులు, వారి జీవనాధారం. గోడలకు సున్నం వేసి, గోడల పక్కన బతికినవారిని ఖాళీ చేయిస్తే అది మొదటి అర్థానికి న్యాయం, రెండో అర్థానికి ద్రోహం. రెంటినీ కలిపి చూడగల పౌర ఉద్యమం మోండాకు కావాలి.

2020 జూన్‌లో పీఎం స్వనిధి పథకం వచ్చింది. మొదటి విడత పదివేల రూపాయల రుణం కోసం వీధి వ్యాపారులను గుర్తించే పని వేగంగా సాగింది. వ్యాపారిని రుణగ్రహీతగా గుర్తించడంలో చూపిన ఆ వేగం, కమిటీని ఎన్నుకునే ఓటరుగా గుర్తించడంలో కనిపించలేదు. అప్పు తీసుకునే అర్హత ఉన్న మనిషికి అభిప్రాయం చెప్పే అర్హత లేదని ఎలా అనగలం?

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి. పారిశుధ్యం, రాకపోకల వంటి సాధారణ సమస్యల్లోకి కులాన్ని ఎందుకు లాగుతారన్నది మొదటిది. కులాన్ని ఎవరూ కొత్తగా లాగడం లేదు. ఊడ్చే పని ఎవరికి, తూకం పట్టే పని ఎవరికి, ఫిర్యాదు రాసే పని ఎవరికి అన్న పంపకంలో అది ముందే ఉంది. ఎవరు మాట్లాడితే ఆ సమస్యే బయటికొస్తుంది. కారు నిలిపే చోటు లేదన్నది ఒకరికి సమస్య. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా కూర్చునే స్త్రీకి శుభ్రమైన మరుగుదొడ్డి, తాగునీరు, అమ్ముడుపోని సరుకు భద్రపరిచే గది, పసిపిల్లను పడుకోబెట్టే చోటు సమస్యలు. హమాలీకి మోసే మూట బరువుకు పరిమితి, ప్రమాద బీమా సమస్యలు. పారిశుధ్య కార్మికురాలికి చేతి తొడుగులు, కాంట్రాక్టర్ మారినా నిలిచే ఉద్యోగం సమస్యలు. ట్రాఫిక్, చెత్త, ఆక్రమణ అనే మూడు మాటల్లో ఇవేవీ ఇమడవు.

రెండో అభ్యంతరం, ఈ శ్రమజీవుల్లోనూ అంతరాలు లేవా అన్నది. ఉన్నాయి. బండి ఉన్నవాడికీ గంప ఉన్నదానికీ మధ్య తేడా ఉంది. నిచ్చెన మెట్ల కులవ్యవస్థ మార్కెట్ గేటు దగ్గర ఆగిపోదు. ఎస్సీల్లోని 59 కులాలను మూడు గ్రూపులుగా వర్గీకరించిన తెలంగాణ చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చింది. దళితులకు ఒక స్థానం అనడం చాలదు, దళితుల్లో ఎవరికి అన్నది కూడా ప్రజాస్వామ్య ప్రశ్నేనని ఆ సుదీర్ఘ పోరాటం నేర్పింది. అందుకే ప్రతినిధిని పై నుంచి ఎంపిక చేయడం కాక, కింద నుంచి ఎన్నుకోవడం ముఖ్యం. ఎవరి ప్రతినిధో వారికి జవాబు చెప్పుకునే ఏర్పాటు ముఖ్యం.

సాధ్యమేనా అన్న సందేహానికి రెండు ఉదాహరణలు చాలు. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె నగరం 1989లో బడ్జెట్ కేటాయింపులను బస్తీ సభల ముందు పెట్టింది. చదువు తక్కువున్న పేద వాడల ప్రజలు అక్కడికి పెద్ద సంఖ్యలో వచ్చారు. కారణం, అక్కడ మాట్లాడితే డబ్బు కదిలింది. మనకు మరింత దగ్గరి ఉదాహరణ సఫాయి కర్మచారీ ఆందోళన్. బెజవాడ విల్సన్, ఎస్.ఆర్. శంకరన్ వంటివారు నిర్మించిన ఆ ఉద్యమంలో పాకీ పనివారి బిడ్డలే కార్యకర్తలై పొడి మరుగుదొడ్లను, వాటిని శుభ్రం చేసేవారిని లెక్కించారు. లేవని అధికారులు చెప్పిన చోట ఉన్నాయని రుజువులతో చూపారు. 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2013లో కొత్త చట్టం, 2014 మార్చి 27న కోర్టు తీర్పు వచ్చాయి. మురుగుకాల్వల్లో మరణించినవారి కుటుంబాలకు ఆ తీర్పు నిర్ణయించిన 10 లక్షల పరిహారాన్ని 2023 అక్టోబరులో కోర్టు 30 లక్షలకు పెంచింది. 1931లో పేరు కోసం జరిగిన పోరాటానికి ఇది వారసురాలు. లెక్కించబడినవారే లెక్కించేవారుగా మారినప్పుడు విధానం మారింది.

కనుక మోండాలో చేయవలసింది స్పష్టంగానే ఉంది. పునరుద్ధరణ నమూనా గీయడానికి ముందు, చుట్టుపక్కల వీధుల వ్యాపారుల సర్వే జరగాలి. అందులో గంప పెట్టుకునే స్త్రీలను, పూటకో చోటికి మారేవారిని వదలకూడదు. వీధి వ్యాపార కమిటీకి ఎన్నిక జరిపి, ఆ కమిటీ సిఫారసుతో వారసత్వ మార్కెట్ ప్రకటన చేయాలి. వార్డు కమిటీల నాలుగు వర్గాలకు శ్రమజీవుల వర్గాన్ని ఐదోదిగా చేర్చాలి. నివాసంతోపాటు పనిచేసే చోటును కూడా సభ్యత్వానికి అర్హతగా గుర్తించాలి. ప్రతి కమిటీలో ఏ సామాజిక వర్గాల వారు ఎందరున్నారో ఏటా ప్రకటించాలి. సభలు సాయంత్రం ఏదో హాలులో కాకుండా, బేరాలు తగ్గే మధ్యాహ్న వేళ మార్కెట్‌లోనే, తెలుగులోనూ ఉర్దూలోనూ జరగాలి. సభకు వస్తే పోయే కూలిని భర్తీ చేయాలి. మాట్లాడినందుకు కాంట్రాక్టు కార్మికురాలి పని పోదన్న హామీ రాతపూర్వకంగా ఉండాలి.

చదువుకున్న స్వచ్ఛంద కార్యకర్తలకు ఇందులో చేతినిండా పని ఉంది. చట్టం చదివి వినిపించడం, సమాచార హక్కు దరఖాస్తు రాయడం, సభ తీర్మానాలను నమోదు చేయడం, అధికారి ఇచ్చిన గడువును గుర్తు చేయడం. మార్కెట్ తరఫున మాట్లాడటం ఈ జాబితాలో లేదు. ఆ పని చేయగలవారు మార్కెట్‌లోనే ఉన్నారు. రోజంతా వందలాది మందితో బేరమాడి ఒప్పించే మనిషికి కార్పొరేటర్‌తో వాదించడం మనం నేర్పనక్కర్లేదు. కుర్చీ వేసి, చెప్పింది రాసుకుంటే చాలు.

2027 జనగణనలో కులాన్ని లెక్కిస్తామని కేంద్రం ప్రకటించింది. ఎవరెంతమందో తేలడం అవసరం. ఆ లెక్క చేతికొచ్చాక ఎవరెక్కడ కూర్చున్నారన్న లెక్క కూడా అడగాలి. శాసనసభలో, సచివాలయంలో, విశ్వవిద్యాలయంలో అడుగుతున్న ఆ ప్రశ్నను వార్డు కమిటీలోనూ అడగాలి. ఘాస్‌మండీలో 1912లో మొదలైన పనిలో మిగిలిపోయిన భాగం అదే.